మాజి కాదు, మౙి: డియానీలో నాలుగు రోజులు

కెన్యా తీరంలో, మొంబాసాకు దక్షిణాన ఉన్న బీచ్ ఊరు డియానీ. అక్కడికి వెళ్లాలంటే నైరోబీ నుంచి మొంబాసా దాకా రైలే మేలు. దాదాపు 480 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణం. స్టేషన్లో బ్యాగులన్నీ నేల మీద వరసగా పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు కాబట్టి గంట ముందే చేరుకోండి. సావో జాతీయ పార్కు దగ్గర ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు కిటికీలోంచే కనబడ్డాయి. దిగే స్టేషన్ మాత్రం ఊరికి దూరం.

మొంబాసాలోని పాత పోర్చుగీసు కోట ఫోర్ట్ జీసస్‌కి ఒక పూట చాలు. అక్కణ్ణుంచి దక్షిణ తీరానికి దాటించే లికోనీ ఫెర్రీ నడిచి ఎక్కేవాళ్లకు ఉచితం. అవతల మటాటూ, అంటే మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి వ్యాన్, ఎక్కి డియానీ పక్కనున్న ఉకుండాలో దిగాం.

బీచ్ ఒడ్డున బుక్ చేసిన రిసార్ట్ ఫోటోల్లోనే బాగుంది. ఏసీ నుంచి రాత్రంతా నీళ్లు కారుతుంటే, చెప్పగానే బకెట్ తెచ్చి కింద పెట్టి వెళ్లిపోయారు. మర్నాడే ఖాళీ చేసి, ఇక్కడి తీరప్రాంత తెగ అయిన డిగోల కుటుంబం ఒకటి నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. ఫ్యాను, దోమతెర, అంతే. కానీ పొద్దున్నే వేడి మహమ్రీలు, అంటే నూనెలో వేయించిన తీపి రొట్టెలు, పక్కన ఎంబాజీ కూర. తీరా చూస్తే ఆ కూరలోవి మన కందులే! పప్పుగా విరగ్గొట్టకుండా గింజలనే కొబ్బరిపాలలో ఉడికిస్తారు. శాకాహారులకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ వంటింటి గుమ్మంలోనే, ఫోన్లో నేర్చుకున్న స్వాహిలీతో నీళ్లడిగాను: "మాజి." ఇంటావిడ నవ్వి, "మా ఇంట్లో మౙి" అంది. వాళ్ల భాష చిడిగో. జడ, జల్లెడ అన్నప్పుడు మన నోట్లో పలికే ౙ అది. కాకపోతే ఇకారం ముందు మనకు ఆ ధ్వని రాదు, జిల్లాని ఎవరూ ౙిల్లా అనరు కదా. అందుకే నా నోరు తిరగలేదు. ఊరు స్వాహిలీలో మ్జి, వీళ్లకు ముౙి. భాష పేరు ముందు అక్కడ కి, ఇక్కడ చి: కిస్వాహిలీ, చిడిగో. స్వాహిలీ యాసేమో అనుకుని వెళ్లాను గానీ, ఇది దాయాది భాష. డిగోలను గిరియామా, దురుమా, రబై లాంటివాళ్లతో కలిపి మొత్తం తొమ్మిది తెగలను మిజికెండ అంటారు. ఆ మాటకు అర్థం కూడా తొమ్మిది ఊళ్లనే.

ఈ ప్రయాణంలో డబ్బులకు పూర్తి న్యాయం జరిగింది కాయా కినొండోలో. డియానీకి దక్షిణాన, సముద్రం పక్కనే 30 హెక్టార్ల అడవి. కాయా అంటే ఒకప్పుడు అడవి నడుమ కట్టుకున్న కోట ఊరు. ఇప్పుడక్కడ ఎవరూ కాపురం ఉండరు, పెద్దల సమాధులు, ప్రార్థనలు మాత్రం ఉన్నాయి. మిజికెండ కాయాల్లో కొన్నింటిని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. గైడ్ లేకుండా లోపలికి పంపరు. నడుముకు నల్లగుడ్డ చుట్టుకోవాలి, ఆకు కూడా తుంచకూడదు. బయటికొచ్చేటప్పుడు నా చెప్పుకు అతుక్కున్న ఎండుటాకును సైతం తీయించి లోపలే వేయించాడు గైడ్.

అతనికి నీళ్ల సీసా చాపి "మౙి" అన్నాను, గర్వంగానే. గడగడా తాగి, "ఇంకా స్వాహిలీలాగే ఉంది" అన్నాడు.