జైపూర్‌లో నగల పని, రాళ్ల బజారు: ఎక్కడ దిగాలి, ఎక్కడ తిరగాలి

జైపూర్ వెళ్తున్నామనగానే అందరూ అడిగిన మాట ఒకటే: అక్కడ నగలు చవకా? కాదు. బంగారం ధర ఎక్కడైనా ఇంచుమించు ఒకటే, మజూరీలో కాస్త తేడా ఉంటే ఉంటుంది. మేం వెళ్లింది కొనడానికి కూడా కాదు. మా వదిన దగ్గర వాళ్ల అమ్మమ్మగారి రాళ్లు పొదిగిన కుందన్ హారం ఉంది. వెనక తాడు పీలికలైపోయింది, ఒక రాయి మసకబారింది. విశాఖలో చూపించిన చోటల్లా "కరిగించి కొత్తది చేయించుకోండమ్మా" అన్నారు. ఆ పని తెలిసినవాళ్లు వీధుల కొద్దీ ఉన్న ఊరు జైపూర్ కాబట్టి హైదరాబాద్ నుంచి విమానం ఎక్కాం. హారం వదిన చేతి సంచిలోనే ఉంది. నగలు ఎప్పుడూ చెకిన్ బ్యాగులో వేయకండి. బయల్దేరే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి.

మొదట పాత నగరంలో, నగల వీధి జోహరీ బజార్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక హవేలీలో, అంటే పాతకాలపు మేడలో దిగాం. జరోఖాలు (గోడ బయటికి పొడుచుకొచ్చిన కిటికీలు), గోడల మీద పూల బొమ్మలు ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. లిఫ్టు లేదు, సందులోకి ఆటో రాదు, పొద్దుపోయేదాకా స్కూటర్ల హారన్లు. అవన్నీ ఓర్చుకోవచ్చు. గదిలో లాకరుందని బుకింగులో రాశారు, ఉంది కూడా. కాకపోతే దాన్ని బీరువాకి బిగించలేదు. ఎవరైనా లాకరుతో సహా చంకన పెట్టుకుని పోవచ్చు! వెంటనే బనీ పార్కు అనే ప్రాంతానికి మారిపోయాం. అక్కడ అందం తక్కువ, ప్రశాంతత ఎక్కువ, లాకరు గోడకి బిగించి ఉంది. నగలు వెంట ఉంటే నా ఓటు బనీ పార్కుకే. ఉత్తచేతులతో వెళ్తే మాత్రం హవేలీ సరదాయే వేరు.

ఆటోల విషయంలో జాగ్రత్త. కొందరు డ్రైవర్లు "గవర్నమెంట్ ఎంపోరియం" అంటూ కమీషన్ ఇచ్చే కొట్లకి తీసుకెళ్తారు. మెట్రో పింక్ లైను 2020 నుంచి బడీ చౌపడ్ కూడలి దాకా ఉంది. స్టేషన్ మెట్లెక్కితే ఎదురుగా జోహరీ బజార్, పక్కనే హవా మహల్. మధ్యలో ఎవరి సలహాలూ వినక్కర్లేదు.

జోహరీ బజార్ మెయిన్ రోడ్డు మీది షోరూముల్లో చూడాల్సింది పెద్దగా లేదు. అసలు పనంతా గోపాల్‌జీ కా రాస్తా లాంటి సందుల్లో, మేడ మీది ఇరుకు గదుల్లో జరుగుతుంది. అక్కడ ఒక కారీగర్ (నగల పనివాడు) మా హారాన్ని తిప్పి చూసి, మసకబారిన రాయిని విప్పి చూపించాడు. కుందన్ నగ లోపల ఉండేది లక్క. దాని మీద పల్చటి వెండి రేకు, రేకు మీద రాయి, రాయి చుట్టూ మెత్తటి 24 క్యారెట్ల బంగారు రేకుని సెగ తగలకుండా ఒత్తి బిగిస్తారు. తళుకు సగం ఆ వెండి రేకుదే. నీళ్లు లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది, పైన రాయి ఎంత మంచిదైనా చచ్చినట్టు కనిపిస్తుంది. మన ఇళ్లలో పండగ ముందు నగలన్నీ కుంకుడు రసంలో వేసి పాత బ్రష్‌తో తోముతాం కదా, ఉత్త బంగారు గొలుసుకి అది భేషైన పద్ధతి. కుందన్‌కీ, వెనక మూసి లక్క నింపిన మన పాత కెంపుల నగలకీ అదే గండం. వాటిని పొడి మల్లు గుడ్డతో తుడవడమే, అంతకు మించి ఏమీ చేయకూడదు. అతను రేకు మార్చి అదే రాయిని మళ్లీ కూర్చాడు. తాడు పని పట్వాది, అంటే నగలకి దారాలు అల్లేవాడిది. వీధి పక్కనే కూర్చుని కాలి బొటనవేలికి దారం తగిలించి అల్లేస్తుంటే చూస్తూ నిలబడిపోయాం.

హాల్‌మార్క్ (బంగారం స్వచ్ఛత ముద్ర) సంగతి కూడా అక్కడే తెలిసింది. మామూలు బంగారు నగకి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు కోడ్ ఉండాలి. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. కుందన్, పోల్కీ (సానపట్టని వజ్రాలవి), జడావు (రాళ్లు పొదిగినవి) నగలకి ఆ తప్పనిసరి నిబంధన నుంచి 2021లోనే మినహాయింపు ఇచ్చారు. అందుకే కొనేటట్టయితే బంగారం బరువు, రాళ్ల బరువు, లక్క బరువు బిల్లులో విడివిడిగా రాయించుకోండి. రాయకపోతే లక్కని బంగారం ధరకి కొన్నట్టే.

జైపూర్ పచ్చలకి పెట్టింది పేరు. జాంబియా, బ్రెజిల్ ముడిరాళ్లు ఇక్కడికి వచ్చి సానపడతాయి. పచ్చలో సన్నటి పగుళ్లు సహజం, అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. ఇది మోసమేం కాదు, తరాల నాటి పద్ధతే, కాకపోతే అమ్మేవాడు చెప్పాలి. మన ఊళ్లో నగల కొట్టువాళ్లు ఉచితంగా అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేసి కడిగిస్తామంటారు, పచ్చల ఉంగరాన్ని మాత్రం ఇవ్వకండి. ఆ అదురుకి నూనె పోయి పగుళ్లు తేలతాయి. ముత్యాలకీ ఆ మెషీన్ పడదు. సెంటు, హెయిర్ స్ప్రే కొట్టుకున్నాకే ముత్యాలు వేసుకోవాలి, ఇంటికి రాగానే ముందు అవే తీయాలి.

అశోక్ నగర్‌లోని ఆమ్రపాలి మ్యూజియంకి ఒక పూట కేటాయించండి. తెగల వెండి కడియాలు, నడుం పట్టీలు చూశాక షోరూమ్ నగలు వెలవెలబోతాయి. వెనకవైపు మీనాకారీ (రంగుల ఎనామిల్ పని) చేసిన నగల దగ్గర వదిన ఎంతకీ కదల్లేదు. ఒంటికి తగిలే వైపు, ఎవరికీ కనిపించని చోట అంత పనా!

ఇక క్రిస్టల్స్. ఇప్పుడు డ్రాయింగ్ రూముల్లో బుద్ధుడి బొమ్మ స్థానంలో లోపల ఊదారంగు స్ఫటికాలున్న అమెథిస్ట్ రాతి గుహలు, చారల అగేట్ రాతి పలకల కోస్టర్లు, బంగారంలా మెరిసే పైరైట్ రాళ్ల ఫ్రేములు, తెల్లటి సెలెనైట్ రాతి దీపాలు వచ్చాయి. జైపూర్ కొట్లలో ఇవి బస్తాల్లో దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటైనవే, కానీ ముదురు నీలం, గులాబీ రంగు అగేట్ పలకలు దాదాపు అన్నీ రంగు పట్టించినవే. సిట్రిన్ అనే పసుపు రాయి పేరుతో వచ్చేదాంట్లో ఎక్కువ భాగం కాల్చిన అమెథిస్ట్. ఓపలైట్ అసలు రాయే కాదు, గాజు. ధనం తెస్తుందనీ ప్రేమ తెస్తుందనీ చెప్పే కబుర్లకి నేను డబ్బివ్వలేదు.

మాలాగా సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు కొనే ముందు ఇంకొంచెం ఆలోచించాలి. పైరైట్ అంటే ఇనుము, గంధకం. తేమలో ఉంటే తుప్పు పట్టి ఆమ్లం పుడుతుంది, కింద పెట్టిన గుడ్డ కూడా పాడవుతుంది. సెలెనైట్ గోరుతో గీరితే గీత పడేంత మెత్తన, తడిగుడ్డతో తుడవకూడదు. ఉప్పు రాయితో చేసిన దీపం మన వానాకాలంలో చెమటలు కక్కుతుంది. అమెథిస్ట్‌ని ఎండ తగిలే కిటికీలో పెడితే ఏళ్ల మీద వెలిసిపోతుంది. నేను కొన్నది రంగు వేయని బూడిద వన్నె అగేట్ పలకలే. బేరం ఆడితే చెప్పిన ధరలో బాగానే తగ్గించారు.

ఆదివారం జోహరీ బజార్‌లో చాలా కొట్లు మూసేస్తారు. డిసెంబరులో జైపూర్ జ్యువెలరీ షో రోజుల్లో గదుల అద్దెలు పెరుగుతాయి. మరమ్మతు పనికైతే నవంబరు గానీ ఫిబ్రవరి గానీ మేలు, ఎండ తీవ్రంగా ఉండదు, కారీగర్లు తీరిగ్గా మాట్లాడతారు. రాయి మార్చే పనికి మీరు అక్కడే కూర్చుని ఉండండి, రసీదు మీద వదిలేసి రాకండి.