పీన్యాలో క్రేన్ అద్దె సర్వీసు: టూల్‌బాక్స్ టాక్ భేష్, వాకీటాకీలు నాసి

బెంగళూరులోని పీన్యా పారిశ్రామికవాడలో క్రేన్ బండి, ఆపరేటరు, అతనికి సైగలిచ్చే సిగ్నల్‌మన్, బరువుకు బెల్టులు కట్టే ఇద్దరు రిగ్గర్లు కలిపి అద్దెకు వచ్చే సర్వీసు ఇది. ఇచ్చిన డబ్బుకు అసలు విలువ క్రేన్‌లో కాదు, బరువు ఎత్తే ముందు జరిగే మాటల్లో, అంటే టూల్‌బాక్స్ టాక్‌లో ఉంది.

సూపర్‌వైజరు ఉపన్యాసం దంచడు, ప్రశ్నలు వేస్తాడు. ఆపరేటరును కేబిన్ నుంచి దింపి మరీ నిలబెడతాడు. మిగతా చోట్ల ఈ టాక్‌కు రానిది ఆపరేటరొక్కడే! ఆరు టన్నుల మిషను ఎత్తాలి. “పసుపు బెల్టులు రెండు వేస్తే సరిపోద్ది కదన్నా, మూడూ మూడూ ఆరు” అన్నాడో రిగ్గరు. అక్కడే ఆగి లెక్క చెప్పించారు. బెల్టు భూమట్టానికి 60 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కోదాని మీద దాదాపు మూడున్నర టన్నులు పడుతుంది. వాలు 30కి తగ్గిందా, ఒక్కోదాని మీదా ఆరు టన్నులే. బూడిదరంగు నాలుగు టన్నుల బెల్టు 60 దగ్గర తట్టుకుంటుంది గానీ, చోకర్ చుడితే (ఉచ్చులా బిగిస్తే) బలం 20 శాతం పోయి 3.2కే దిగుతుంది. అందుకే ఎర్ర అయిదు టన్నులవి తీశారు. హుక్ బ్లాకు, షాకిళ్ల (బెల్టులు తగిలించే ఇనుప కొక్కేల) బరువు కూడా కలిపాకే, క్రేన్ ఎంత దూరంలో ఎంత ఎత్తగలదో చెప్పే లోడ్ చార్టు చూశారు.

ఔట్‌రిగ్గరు (క్రేన్ పక్కలకు చాపే ఆనుడు కాలు) కింద డ్రైనేజీ పలక ఉందేమో కాలితో తట్టి చూడటం, ముందు ఒక జానెడు ఎత్తి ఆపి చూడటం, తాడు పట్టేవాడు ఎక్కడ నిలబడాలో చూపడం అన్నీ పద్ధతిగానే జరిగాయి. సైగలు సిగ్నల్‌మన్ ఒక్కడివే, ‘ఆపు’ మాత్రం ఎవరు చూపినా చెల్లుతుంది. క్రేన్ తనిఖీ సర్టిఫికెట్ అడక్కుండానే ఇచ్చారు.

లోపం వాకీటాకీల్లో. గేటు సెక్యూరిటీ వాళ్ల చానల్లోనే మాట్లాడుకున్నారు. గోడ చాటున ఆపరేటరుకు సిగ్నల్‌మన్ కనబడడు, గొంతే దిక్కు. అప్పుడు “దించు, దించు, ఇంకో అడుగు” అని ఆపకుండా చెబుతుండాలి, మాట తెగితే ఆపరేటరు వెంటనే ఆపాలి. ఈ నియమం టాక్‌లో రాలేదు. భోజనం తర్వాత ఒక రిగ్గరు మారాడు, అతనికి ఎవరూ మళ్లీ చెప్పలేదు. హిందీలో చెప్పినదానికి తెలుగు కుర్రాళ్లు తలూపితే అర్థమైందనుకోవడమూ ఒక బలహీనతే. తిరిగి చెప్పించుకున్నది బెల్టుల లెక్క ఒక్కటే.

అయిదుకు నాలుగు. బుక్ చేసేటప్పుడే వేరే చానలు, అదనపు బ్యాటరీలు, మనిషి మారితే మళ్లీ టాక్ అని రాయించుకోండి. అడిగితే చేస్తారు.