అంబాసిడర్ రూఫ్ లైనింగ్: కొన్ని ఎండాకాలాలు దాటాక

మా 1986 నాటి మార్క్ 4 అంబాసిడర్‌కు 2019 చలికాలంలో వరంగల్ ఆటోనగర్‌లో రూఫ్ లైనింగు, అంటే పైకప్పుకు లోపలి వైపు వేసే రెక్సిన్ పొర, పూర్తిగా మార్పించాను. ఆనాటి నుంచి బండి వాడకంలోనే ఉంది కనుక, కొత్తలో కనిపించిన అందాన్ని పక్కనపెట్టి, ఎండకూ దుమ్ముకూ అది ఎలా నిలిచిందో రాస్తున్నాను.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కంపెనీ లైనింగు దొరుకుతుందని ఆశపెట్టుకోకుండా, పాతదాన్ని చిరగకుండా విప్పి, దాన్నే కొలతగా పెట్టి కొత్తది కుట్టించుకోవడం మేలు. ఈ బండిలో లైనింగు అట్టకు అతికించినది కాదు. రూఫు వంపును అనుసరించి వంచిన సన్నని ఇనుప కడ్డీలు అడ్డంగా ఉంటాయి. రెక్సిన్ వెనుక కుట్టిన పట్టీలలోకి అవి దూరి లైనింగును మోస్తాయి, గమ్ము పని అంచుల దగ్గర మాత్రమే. మొదట అడిగిన షాపులో "కడ్డీలెందుకు సారూ, అట్టకు ఫోమ్ గుడ్డ అంటిస్తే ఒక్కపూటల అయిపోతది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. గమ్ము అట్టను పట్టుకునే ఉన్నా గుడ్డ జారి తలకు తగులుతుంది. రాలుతున్న ఫోమ్ మీద మళ్ళీ గమ్ము పూసినా పట్టు దొరకదు. మే నెలలో మన దగ్గర ఎండలో నిలిపిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

నాకు పని చేసిన మేస్త్రీ ప్రతి కడ్డీకీ టేపు చుట్టి, ముందు నుంచి వెనుకకు అంకెలు వేశాడు. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా ఒక్కొక్కదాని వంపు వేరు. రెండు తారుమారైతే ఆ చోట రెక్సిన్ ముడత పడుతుంది, ఎంత లాగినా పోదు. ముందద్దం, వెనుకద్దం రెండూ విప్పించాను. కొందరు అద్దం తీయకుండానే రబ్బరు కిందికి రెక్సిన్ అంచును స్క్రూడ్రైవరుతో నెట్టి పంపిస్తారు, ఆ అంచు మొదటి వేసవికే బయటికి వస్తుంది. రూఫు రేకుకూ లైనింగుకూ మధ్య ఉన్న పాత జనపనార పొర ఊడదీస్తే దాని కింద తుప్పు కనిపించింది. గీకించి, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు పూయించాకే కొత్త పొర వేయించాను. రెక్సిన్‌ను కాసేపు ఎండలో పరచి, మెత్తబడ్డాక మధ్య కడ్డీ నుంచి ముందుకూ వెనుకకూ, ఆఖరున పక్కలకూ లాగుతూ బిగించారు. గమ్మును రేకుకూ రెక్సిన్‌కూ రెండింటికీ పూసి, తడి ఆరి వేలికి అంటీ అంటనట్టు అయ్యాక అదిమారు. ఖర్చులో రెక్సిన్ కంటే కూలిదే పెద్ద వాటా, అది న్యాయమైనదే.

ఇప్పటికీ మధ్య భాగం ఎక్కడా జారలేదు, కుట్లు తెగలేదు. పాలిస్టర్ దారం అడిగి వేయించుకున్న ఫలితం అదేనని నా నమ్మకం. వెనుకద్దం పైమూలలో మాత్రం, ఎండ సూటిగా తగిలే చోట, రెక్సిన్ కొద్దిగా ముడుచుకుని అంచు వేలెడు మేర ఊడింది. మళ్ళీ అంటించాల్సి వచ్చింది. అక్కడ తెలుపు రంగు కూడా పసుపు తిరిగింది. 2024 మేడారం జాతరకు వెళ్ళివచ్చాక ఎర్రదుమ్ము రెక్సిన్ మీది సన్నని రంధ్రాలలో ఇరుక్కుంది. బ్రష్షుతో రుద్దకుండా, సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో అద్దితే చాలావరకు వదిలింది. వేడి తగ్గుతుందని మాత్రం ఎవరూ ఆశించవద్దు. వాన చప్పుడు బాగా తగ్గింది.

చేయించదలచినవారు వెనుక మూలల్లో రెక్సిన్‌ను నాలుగు వేళ్ల వెడల్పు అదనంగా ఉంచమని మేస్త్రీకి ముందే చెప్పండి. విప్పిన అద్దం రబ్బర్లు గట్టిపడి ఉంటే అప్పుడే కొత్తవి వేయించండి. పాతవే బిగిస్తే వానాకాలంలో నీరు అంచు వెంట లోపలికి దిగి జనపనార పొరను నానబెడుతుంది, తుప్పు మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది.