కుట్టు సామాను సంచి: చుట్టా, పుస్తకమా, జిప్ పెట్టా? ఏది మేలు?

కుట్టు సామానుకి చేత్తో ఒక మెత్తటి సంచి కుట్టుకుందాం అనుకునేవాళ్ళకి అసలు పోటీ ఇంట్లోనే ఉంటుంది. ఖాళీ బిస్కెట్ల రేకు డబ్బా. నీలం రంగు డేనిష్ కుకీల డబ్బా అయితే మరీను. కుకీలు అయిపోయిన రోజే సూదీ దారం అందులోకి చేరతాయి. ఖర్చు లేదు, గట్టిది, సూది మొన బయటికి రాదు. దానికి ఉన్న లోపం ఒక్కటే. నెల తిరిగేసరికి బాబిన్ల దారాలు, టేపు, హుక్కుల పొట్లం, గుండీలు అన్నీ కలిసి ముద్దయిపోతాయి. కాబట్టి మనం కుట్టే సంచి ఎంత అందంగా ఉందన్నది తర్వాతి మాట. తెరవగానే ఏది ఎక్కడుందో కనపడాలి. అది కుదరకపోతే డబ్బాయే మేలు.

చిన్న సైజు సంచుల్లో ఎక్కువగా కుట్టేవి మూడు రకాలు. పొడుగాటి పట్టీకి లోపల వరసగా జేబులు పెట్టి, చుట్టి నాడాతో కట్టేది చుట్ట. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు సూదీ, దారం, గుండీలు ఇలాంటి గుడ్డ చుట్టలోనే వెంట తీసుకెళ్ళేవారు. రెండు మెత్తటి అట్టల మధ్య గుడ్డ పేజీలు కుట్టి, గుండీతో మూసేది పుస్తకం. నాలుగు మూలలూ నిలబడి పైన జిప్ ఉండేది పెట్టె. మూడింటిలో ఫొటోలో బాగా కనపడేది పెట్టె. అందుకే చాలామంది ముందు దానితోనే మొదలుపెడతారు. నా లెక్కలో మొదట కుట్టాల్సింది అది కాదు.

ముందు చుట్ట సంగతి చూద్దాం. ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళకి ఇది చాలా బాగా కుదురుతుంది. పది పన్నెండు రంగుల దారాలు పక్కపక్కనే కనపడతాయి, చుట్టేస్తే బ్యాగులో ఒక మూల సర్దుకుంటుంది. కానీ చుట్ట అందం అంతా పల్చదనంలో ఉంది. చుట్టినప్పుడు బయటి పొర ఎక్కువ దూరం తిరగాలి, లోపలి పొర తక్కువ. మధ్యలో మందం పెరిగే కొద్దీ లోపలి గుడ్డ ముడతలు పడి జేబులు నలిగిపోతాయి. దళసరి పాలిస్టర్ వాడింగ్ (గుడ్డల మధ్య పెట్టే మెత్తటి ఉబ్బు పొర) పెట్టిన చుట్ట చుట్టిన దుప్పటిలా తయారవుతుంది, నాడా కట్టినా విప్పుకుని లేస్తుంది.

చుట్టలో జేబుల వెడల్పు దగ్గర కూడా చిన్న లెక్క ఉంది. అంగుళం మందం ఉన్న దారం రీలుకి అంగుళం వెడల్పు జేబు పెడితే రీలు దూరదు. దాని చుట్టుకొలత 3 అంగుళాల పైమాటే, ముందు గుడ్డా వెనక గుడ్డా కలిసి దాన్ని చుట్టాలి. అంటే ఒక్కో వైపు సుమారు 1.6 అంగుళాలు కావాలి. కాస్త వదులు కలిపి 1¾ అంగుళాలకి గీత కొట్టండి. ఎత్తు మాత్రం రీలు కంటే తక్కువే ఉండాలి, పై మూడోవంతు బయటికి కనపడితేనే రంగు తెలుస్తుంది, వేళ్ళకి అందుతుంది. ఇంకో మాట. జేబుల మీదికి వాలే రేకలాంటి పైమడత లేకుండా చుట్ట కుట్టొద్దు. తలకిందులుగా ఎత్తారంటే సామానంతా నేలమీదే.

పుస్తకంలో రీళ్ళు పట్టవు. పెడితే మూతపడదు. సూదులు, గుండుసూదులు, హుక్కులు, ప్రెస్ బటన్లు, టేపు, చిన్న కత్తెర, ఒక వరస బాబిన్లు, అంతవరకే దాని శక్తి. కానీ ఇంట్లో రోజూ పడే పని ఏమిటో చూడండి. జాకెట్టుకి హుక్కు ఊడింది, చొక్కాకి గుండీ పోయింది, చీరకి ఫాల్ కుట్టాలి, పిల్లల యూనిఫాం అంచు దింపాలి. వీటికి కావలసినవన్నీ ఇందులో పడతాయి, ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చోవచ్చు. తెల్ల రీలు, నల్ల రీలు పక్కన పెట్టుకుంటే చాలు. మిగతా రీళ్ళన్నీ రేకు డబ్బాలో ఉండనివ్వండి, వాటికి అక్కడ ఏ లోటూ లేదు.

పుస్తకంలో అసలు తెలివి సూదుల పేజీలో ఉంటుంది. నూలు గుడ్డ తేమ పీలుస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి సూదులు ఊరికే తుప్పు పడతాయి. ఆ పేజీకి ఉన్ని గుడ్డ మంచిది, ఉతికి ఉతికి దట్టపడిన పాత ఉన్ని స్వెట్టర్ ముక్కయినా సరే. సూదిని గట్టిగా పట్టుకుంటుంది, అంచు కత్తిరించి వదిలేసినా పెద్దగా పీచు లేవదు. సన్మానాల్లో కప్పే శాలువాలు పనికొస్తాయేమో అని బీరువా తెరవకండి, వాటిలో చాలామటుకు ఉన్ని ఉండదు. హుక్కులకీ గుండీలకీ టేబుల్ మీద పరిచే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుతో జేబు పెడితే లోపల ఏముందో కనపడుతుంది. మిషన్ పాదానికి ఆ షీటు అతుక్కుని కదలదు, మీద పల్చటి కాగితం వేసి కుట్టి తర్వాత చింపేస్తే సరి.

జిప్ పెట్టెలో బోలెడు పడుతుంది. దానితో ఇబ్బంది కూడా అదే. లోపల అరలు కుట్టకపోతే రేకు డబ్బా కథే మళ్ళీ, కాకపోతే మెత్తగా. అరలు పెట్టాలంటే పని రెట్టింపు. కొలతలు మాత్రం కష్టం కాదు. 8 అంగుళాల పొడవు, 3 అంగుళాల లోతు, 4 అంగుళాల ఎత్తు కావాలంటే, అర అంగుళం కుట్టు వదిలి, ఒక్కో ముక్క 12 అంగుళాల పొడవు, 6½ అంగుళాల ఎత్తు ఉండాలి. అడుగు మూలల్లో లోతులో సగం, అంటే 1½ అంగుళాల చదరం కత్తిరిస్తే కుట్టాక అడుగు 3 అంగుళాలకి విచ్చుకుంటుంది. మీటరు లెక్కన అమ్మే 5 నంబరు నైలాన్ జిప్ దీనికి సరిపోతుంది, రన్నర్లు విడిగా కొనుక్కోవాలి. కష్టమంతా జిప్ చివర్ల దగ్గర. అక్కడ పై గుడ్డ, మధ్య పొర, అస్తరు, జిప్ పట్టీ అన్నీ ఒకచోట పోగుపడతాయి. మామూలు ఇంటి మిషన్ అక్కడ మూలుగుతుంది, సూది విరుగుతుంది. కుట్టు వదిలిన భాగంలో మధ్య పొరని ముందే కత్తిరించేస్తే సగం బాధ తగ్గుతుంది. సూది 16 నంబరుది వేయాలి.

ఇక మధ్యలో ఏం పెట్టాలి? షాపులో గుడ్డ ఎంచుకోవడానికి గంట తీసుకుని, మధ్య పొర దగ్గర ఏదిస్తే అది తెచ్చుకుంటారు. సంచి నాలుగు కాలాలు ఉంటుందా లేదా తేల్చేది ఆ కనపడని పొరే.

ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీర మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న మధ్య పొర. బొంతలన్నీ అలా వచ్చినవే. బెంగాల్లో కాంథా, మహారాష్ట్రలో గోధడీ కూడా పాత చీరల మీదే నిలబడ్డాయి. దానికున్న మేలు ఏమిటంటే, కుంచించుకుపోవలసినదంతా ఎప్పుడో పోయింది, వదలాల్సిన రంగు వదిలేసింది. సూది సాఫీగా దిగుతుంది, వేడి ఇస్త్రీకి తట్టుకుంటుంది. మూడు పొరలు వేస్తే చుట్టకి సరిగ్గా సరిపోతుంది. అడుగు అంచు నేలకి రాసుకుని పలచబడి ఉంటుంది కాబట్టి ఆ భాగం వదిలేసి, మిగతాది వెలుతురుకి ఎత్తి చూసుకుని కత్తిరించండి. పాలిస్టర్ కలిసిన చీరలు వద్దు, పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. లోటు ఒక్కటే, అది నిలబడదు. చీర పొరలతో కుట్టిన పెట్టె సామాను తీయగానే చతికిలబడుతుంది.

పాలిస్టర్ వాడింగ్ తేలిక, ఉబ్బుగా ఉంటుంది, కుట్టు గీతలు లోతుగా కనపడి అందం వస్తుంది. ఉతికితే త్వరగా ఆరుతుంది. వేడి ఇస్త్రీ తగిలితే మాత్రం అణిగిపోతుంది, ఇంకా వేడయితే కరుగుతుంది. పుస్తకం అట్టలకి పల్చటి వాడింగ్ బాగుంటుంది. చుట్టకి వద్దని ముందే చెప్పాను.

ఫోమ్ షీటు పెట్టెకి ప్రాణం. 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉన్నది చాలు, గోడలు నిటారుగా నిలబడతాయి. అయితే మామూలు ఫోమ్ వేడికీ తేమకీ ఏళ్ళు గడిచే కొద్దీ పసుపెక్కి పొడిపొడి అవుతుంది. పాత స్కూటర్ సీటు చిరిగినప్పుడు చూసే ఉంటారు. కష్టపడి చేత్తో కుట్టినదానికి అంత తక్కువ ఆయుష్షున్న పొర పెట్టడం నాకు మనసొప్పదు. పెట్టె మీద అంత ఇష్టం లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఏకిన దూది సంగతి కూడా చాలామంది అడుగుతారు. పరుపులకీ రజాయిలకీ సరే, చిన్న సంచికి వద్దు. విడి దూది ఉతికితే ఉండలు కడుతుంది, దాన్ని పట్టి ఉంచాలంటే అంగుళం, రెండంగుళాలకో గీత కుట్టాలి. అమెరికాలో ఉన్నవాళ్ళకి దొరికే వార్మ్ అండ్ న్యాచురల్ లాంటి నూలు బ్యాటింగ్ (మధ్య పొరకి షీటుగా అమ్మే దూది) వేరు. దాని పీచుని సూదులతో పొడిచి పల్చటి జాలీకి పట్టించి ఉంటారు, అందుకే గీతకీ గీతకీ మధ్య 10 అంగుళాల దూరం ఉన్నా చెదరదని కంపెనీయే చెబుతుంది. అక్కడ గుడ్డల షాపుల పెద్ద గొలుసు జోయాన్ 2025లో మూతపడింది కాబట్టి ఇప్పుడు చేత్తో తడిమి చూసి కొనే అవకాశం తగ్గింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ప్యాకెట్ మీద ఆ గీతల దూరం ఎంతని రాశారో చూసుకోండి.

చేతి కుట్టా, మిషన్ కుట్టా? ఇంత చిన్న వస్తువుకి నా ఓటు చేతి కుట్టుకే, పెట్టె ఒక్కటి తప్ప. మామూలు మిషన్‌లో కింది పళ్ళు అడుగు పొరని లాగుతాయి, పై పొర వెనకబడుతుంది, చివరికి వచ్చేసరికి ఒక పక్క గుడ్డ ఉబ్బుతుంది. పై పొరని కూడా కలిపి నడిపే పాదం ఉంటే ఈ గొడవ లేదు. లేకపోతే మధ్య నుంచి అంచులకి కచ్చా కుట్టు దగ్గరదగ్గరగా వేసి, కుట్టు పొడవు పెంచి, పాదం ఒత్తిడి తగ్గించి నెమ్మదిగా నడపాలి. పై దారం టెన్షన్ ముందు అదే పొరల ముక్క మీద చూసుకోవాలి, పల్చటి జాకెట్టు గుడ్డకి పెట్టిన టెన్షన్ మూడు పొరలకి కుదరదు. చేత్తో అయితే బొంత కుట్టే ముందుకుట్టు వేసుకుంటూ పోవడమే. గీత కాస్త వంకరపోయినా అందమే. ఏ పద్ధతిలో అయినా పొరలు కలిపి కుట్టాక ముక్క చిన్నదవుతుంది. అందుకే ముందు పెద్దగా కత్తిరించి, కుట్టాకే అసలు కొలతకి దించాలి. ఈ ఒక్కటి పాటించకే చాలా సంచులు మూలలు కలవక ఆగిపోతాయి.

అంచులకి క్రాస్ పీస్ వేస్తే గట్టిగా ఉంటుంది, గుండ్రటి మూలల దగ్గర చక్కగా తిరుగుతుంది. దానికి గుడ్డని 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించాలి కాబట్టి దండగ ఎక్కువ. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవండి దుప్పట్లలో ఇంకో దారి ఉంది. అంచు నుంచే మొదలుపెట్టి, గుడ్డ ముక్కల చివర్లు లోపలికి మడుస్తూ మధ్యకి కుట్టుకుంటూ వెళ్తారు, విడిగా పట్టీ అక్కర్లేదు. ముక్కలు మిగిలిపోయి ఏం చేయాలో తోచనివాళ్ళకి పుస్తకం అట్ట ఈ పద్ధతిలో కుట్టడం బాగుంటుంది.

పై గుడ్డ మంగళగిరిదైనా, పెడన కలంకారీ అయినా, పోచంపల్లి ఇక్కత్ అయినా మీ ఇష్టం. కొత్తదైతే ముందు తడిపి ఆరేయండి. ముదురు ఎరుపు, నీలం విడిగా నానబెట్టండి. మూయడానికి పుస్తకానికి గుండీ, చుట్టకి నాడా చాలు. వెల్క్రో వద్దు, దారం పోగులన్నీ దానికే పట్టుకుంటాయి. పెద్ద టైలరింగ్ కత్తెర ఈ మూడింటిలో ఎందులోనూ పెట్టకండి, దాని బరువుకి జేబు సాగి అడుగు చిరుగుతుంది. మేకుకి తగిలించండి. చిన్న కత్తెర జేబు అడుగున మాత్రం జీన్స్ ముక్క వేయండి.

నన్నడిగితే ఇంటి పనులకి పుస్తకం మేలు. దారాల రంగులతో పని ఉండి, ఊళ్ళు తిరిగేవాళ్ళకి చుట్ట. అరలు కుట్టే ఓపిక, పొరలన్నీ లాగే మిషన్ రెండూ ఉన్నవాళ్ళు పెట్టె జోలికి వెళ్ళొచ్చు, అదీ మిగతా రెండింటిలో ఒకటి కుట్టాక. పుస్తకానికి కొలత కూడా చెప్పేస్తాను. ఒక్కో అట్ట 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు, మధ్యలో వెన్ను 1 అంగుళం. విప్పి పరిస్తే 13కి 8. పొరలని 15కి 10 కత్తిరించి, కుట్టడం అయ్యాక దించండి. వెన్ను భాగంలో వాడింగ్ పెట్టకుండా రెండు పక్కలా నిలువుగా ఒక్కో కుట్టు వేస్తే పుస్తకం అక్కడే మడతపడుతుంది, పేజీలు నిండినా గుండీ అందుతుంది.