ఓస్నబ్రూక్‌లో ఫెలిక్స్ నుస్‌బాం మ్యూజియం, తప్పకుండా దిగి చూడండి

జర్మనీలో ఉండే మనవాళ్ళు వీకెండ్ వస్తే హాంబర్గ్ లేదా కొలోన్ అంటారు గానీ దారిలోనే ఉన్న ఓస్నబ్రూక్‌లో దిగేవాళ్ళు తక్కువ. ఈ ఒక్క మ్యూజియం కోసమైనా దిగాలి.

నుస్‌బాం 1904లో ఈ ఊళ్ళోనే పుట్టిన యూదు చిత్రకారుడు, నాజీలొచ్చేసరికి రోమ్‌లో ఉన్నాడు, ఇక దేశానికి తిరిగి రాలేక బెల్జియం చేరాడు, బ్రసెల్స్‌లో భార్య ఫెల్కాతో దాక్కుని ఉంటూనే బొమ్మలేశాడు, 1944 జులై 31న నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కి బయల్దేరిన రైల్లో ఇద్దర్నీ ఎక్కించేశారు, ఆ తర్వాత ఐదు వారాలు కూడా గడవకుండానే బ్రసెల్స్‌కి విముక్తి వచ్చింది.

బిల్డింగ్ డిజైన్ డేనియల్ లీబెస్కిండ్‌ది, 1998లో తెరిచారు. ఓక్ చెక్క భాగం ఒకటి, జింక్ రేకుల భాగం ఒకటి, మధ్యలో కాంక్రీట్ సందు. ఆ సందులో కిటికీలుండవు, గోడలు బాగా ఎత్తు, కాస్త వెనక్కి జరుగుదామంటే వెంటనే ఇంకో గోడ. దాక్కున్నోడి బతుకు ఎంత ఇరుకో బోర్డులు చదవక్కర్లేకుండానే అర్థమైపోతుంది. ఇదే ఆర్కిటెక్ట్ కట్టిన బెర్లిన్ యూదు మ్యూజియం దీనికన్నా చాలా పెద్దది, అయినా నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే ఇక్కడ అంతా ఒక్క మనిషి గురించే.

1943లో వేసుకున్న సెల్ఫ్ పోర్ట్రెయిట్ దగ్గర చాలాసేపు ఆగండి. కోటు కాలర్ ఎత్తి, యూదులు తప్పనిసరిగా బట్టలకి కుట్టుకోవాల్సిన పసుపు నక్షత్రం చూపిస్తుంటాడు, చేతిలో ఐడీ కార్డు, దాని మీద ఎర్రగా యూదుడు అనే ముద్ర. 1941 నవంబర్‌లో నాజీలు విదేశాల్లో ఉన్న జర్మన్ యూదుల పౌరసత్వం తీసేశారు. 1948 మానవ హక్కుల ప్రకటనలో 15వ ఆర్టికల్ ప్రతి మనిషికీ ఒక పౌరసత్వం ఉండాలంటుంది కదా, ఎగ్జిబిషన్ డిజైన్ చేసేవాళ్ళు ఆ ఒక్క వాక్యాన్ని ఈ బొమ్మ పక్కన పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది. వీసా పేపర్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనకి ఆ కార్డు చూస్తే ఇంకా లోతుగా తగులుతుంది.

బసకైతే హేగర్ టోర్ అనే పాత ఊరి ద్వారం వైపు చూసుకోండి, మ్యూజియం పక్కనే, పాత ఊరు కూడా అక్కడే. స్టేషన్ దగ్గర మేం దిగిన హోటల్ చవకే గానీ రాత్రంతా రోడ్డు చప్పుడు, నిద్ర సరిగ్గా లేదు. ముప్పై ఏళ్ళ యుద్ధాన్ని ముగించిన 1648 శాంతి ఒప్పందం జరిగిన టౌన్ హాల్‌కి నడిచే వెళ్ళొచ్చు, చూడ్డానికి గంట చాలు. మ్యూజియానికి మాత్రం సగం రోజు పెట్టుకోండి, సోమవారం సెలవు. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళకి పనికొచ్చే నెలవారీ పాస్) ఉంటే మ్యూన్‌స్టర్ నుంచి రీజనల్ రైల్లో వచ్చేయొచ్చు.