బొరుగులు అంటే "ఏమీ దొరకలేదు": మా ఊరి కిరాణా యాప్ మీద నా రివ్యూ

అనంతపురంలో మూడు నెలలుగా ఒక కిరాణా డెలివరీ యాప్ వాడుతున్నాం. వాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాను, సరిచేస్తారన్న ఆశ ఉంది, అందుకే పేరు రాయడం లేదు. డెలివరీ బాగుంది, చెప్పిన గంటలోపే వస్తారు, తూకంలో తేడా లేదు, రేట్లు కూడా అంగడి రేట్లే. వీటికి ఐదుకి నాలుగున్నర. సెర్చ్‌కి మాత్రం ఒకటే ఇస్తాను, నేను రాయాలనుకున్నదంతా దాని గురించే.

మోకాళ్ల నొప్పులతో మా అమ్మ పాతూరు అంగళ్ల దాకా నడవలేకపోతోందని ఆమె ఫోన్‌లో యాప్ వేసి, మైకు నొక్కి ఏం కావాలో చెబితే చాలని నేర్పించాను. మొదటి రోజు ఉగ్గాని చేద్దామని "బొరుగులు" అంది. స్క్రీన్ మీద బొరుగులు అని ఒక్క అక్షరం తప్పు లేకుండా పడింది, దాని కింద "ఏమీ దొరకలేదు" అని వచ్చింది. తను సరిగా పలకలేదేమో అనుకొని మళ్లీ మెల్లగా, విడదీసి చెప్పింది. మూడోసారి ఫోన్ నా చేతికిచ్చేసి "నాకు రాదులేప్పా" అంది. యాభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి, ఇంట్లోకి ఏం కావాలో చెప్పడం ఆమెకు చేతకాకపోవడమేంది? నేను వెతికితే బొరుగులు ఉన్నాయి, కాకపోతే "స్నాక్స్" అనే అరలో "మరమరాలు" అన్న పేరుతో ఉన్నాయి. మాకు అవి పొద్దున టిఫిన్. నానబెట్టి, నీళ్లు పిండేసి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయతో తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లి తింటాం.

ఆ పప్పుల దగ్గర ఇంకో తంటా. మా ఇళ్లల్లో పప్పులు అంటే వేయించిన పుట్నాలు, కందిపప్పు కావాలంటే కంది బ్యాళ్లు అంటాం. యాప్‌లో "పప్పులు" అంటే మొదట వచ్చింది జీడిపప్పు, వంద గ్రాముల ప్యాకెట్. "బ్యాళ్లు" అంటే ఏమీ లేదు. "శెనక్కాయలు" అంటే శెనగపిండి వచ్చింది. అక్షరాలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి అది తెచ్చిందని అర్థమైంది, కానీ శెనక్కాయ పండించే జిల్లాలో ఉండి ఆ మాటకు శెనగపిండి చూపిస్తే బాధగా ఉంటుంది. మనిషి మనసులో శెనక్కాయ పక్కన శెనగపిండి ఉండదు. చెట్నీ ఉంటుంది, గానుగ నూనె ఉంటుంది, పొలం ఉంటుంది.

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. మనసు మాటల్ని ఎలా సర్దుకుంటుందో యాభై ఏళ్లకు పైగా పరిశోధిస్తున్నారు. డాక్టర్, నర్స్ లాంటి సంబంధం ఉన్న మాటల జత చూపిస్తే, సంబంధం లేని జత చూపించినప్పటికంటే త్వరగా గుర్తుపడతారని 1971లోనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. అంటే అర్థంలో దగ్గరున్నవి ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినార్ రోష్ 1970లలో చేసిన పని ఇంకా ముఖ్యం. ఒక గుంపులోని వస్తువులన్నీ మనకు సమానం కాదని ఆమె నిరూపించింది, పక్షి అనగానే అమెరికా విద్యార్థులకు రాబిన్ పిట్ట మంచి ఉదాహరణగా తోచింది, పెంగ్విన్ ఎక్కడో చివర్లో ఉంది. వంటింట్లో పప్పు అనే మాటకు జీడిపప్పు అలాంటి పెంగ్విన్. కుర్చీని చూడగానే మన నోట కుర్చీ అనే వస్తుంది తప్ప ఫర్నిచర్ అని రాదని కూడా ఆమె బృందమే చెప్పింది, కానీ ఈ యాప్ తెరవగానే కనిపించేది "స్టేపుల్స్" (రోజువారీ సరుకులు) అన్న పెద్ద అర. ఏ ఇంట్లో ఎవరు స్టేపుల్స్ అయిపోయాయి అంటారు?

పాతూరులో అమ్మ ఇదివరకు వెళ్లే అంగడాయన "ఏమక్కా, ఉగ్గానికా?" అని అడిగి, ఆమె తలూపేలోపే బొరుగులు, పప్పులు, పచ్చిమిరపకాయలు ఒకచోట పెట్టేవాడు. ఈ మూడూ ఏ పుస్తకంలోనూ ఒక గుంపు కావు, ఆ పొద్దుటి పనికోసం మనసు అప్పటికప్పుడు కట్టుకున్న గుంపు. లారెన్స్ బార్సలూ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఇలాంటి గుంపుల గురించే రాశాడు, ఇల్లు కాలిపోతుంటే ముందు ఏమేం బయటికి తెచ్చుకుంటాం అన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. యాప్‌లో "ఉగ్గాని" అని కొడితే ఈ మూడూ వరుసగా రావాలని నా కోరిక, ఇప్పుడైతే ఏమీ రాదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "ఇంగ్లీషులో కొట్టి చూడండి సార్, వస్తాయి" అంది. ఆమె తప్పేం లేదు, ఆమెకు అలా చెప్పమన్నారు. కానీ ఆ సలహా అమ్మకు ఎలా చెప్పను? 1987లో ఫర్నాస్, ఆయన తోటి పరిశోధకులు వంటకాలను వెతికే మాటలతో సహా ఎన్నో రకాల పేర్లు పరీక్షించి చూస్తే, ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే మాట ఎంచుకునే అవకాశం నూటికి 20 కంటే తక్కువని తేలింది. కాబట్టి సరైన పేరు ఒక్కటి వెతికి పెట్టడం వల్ల లాభం లేదు, జనం ఎన్ని పేర్లతో పిలుస్తారో అన్నీ ఆ వస్తువుకు తగిలించాలి అన్నారు. పెద్ద ఖర్చుతో పనేం కాదు ఇది. బంగాళదుంప వెనక ఉర్లగడ్డ, ఆలుగడ్డ అని, వెల్లుల్లికి తెల్లగడ్డ అని, బొబ్బర్లకు అలసందలు అని చేర్చితే అయిపోతుంది.

అందుకే అమ్మను కూర్చోబెట్టి జాబితా రాయించాను. పాత క్యాలెండర్ కాగితం వెనక, అద్దాలు సవరించుకుంటూ, 23 పేర్లు తన చేత్తో రాసింది. ఫోటో తీసి వాళ్లకు పంపి రెండు వారాలైంది.

నిన్న రాత్రి అమ్మ తనే మైకు నొక్కి చూసింది. బొరుగులు వచ్చాయి, అరకిలో ఆర్డరు కూడా పెట్టింది. శెనక్కాయలకు ఇంకా శెనగపిండే వస్తోంది.