పాత ఉపవాసమా, కొత్త స్మారక దినమా?

తాజా దుఃఖాన్ని పాత సంతాప దినంలో కలపాలా, దానికి వేరొక రోజు కేటాయించాలా అన్న ప్రశ్న యూదు సమాజంలో తరచూ తలెత్తుతుంది. జెరూసలేం ఆలయాల విధ్వంసాన్ని స్మరించే తిషా బె ఆవ్ నాడు దాదాపు 25 గంటలు ఉపవాసముండి, నేలపై కూర్చుని, బైబిలులోని విలాపవాక్యములతో పాటు కీనోత్ అనే శోకగీతాలు చదువుతారు. మధ్యయుగపు క్రైస్తవ మతయుద్ధాలైన క్రూసేడ్ల నాటి యూదుల హత్యాకాండపై రాసిన గీతాల సరసన 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై హమాస్ జరిపిన దాడిపై రాసినవీ చేరాయి. ఇజ్రాయెల్ పార్లమెంటు 1951లో నిర్ణయించిన హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల సామూహిక హత్యాకాండ) స్మారక దినాన మాత్రం ఉదయం 10 గంటలకు రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది, రహదారులపై వాహనాలు సైతం ఆగిపోతాయి, జనం మౌనంగా నిలబడతారు. (అది యూదు పంచాంగంలో పండుగ మాసమైన నీసాన్‌లో రావడం సంప్రదాయవాదులకు రుచించలేదు, ఆ మాసంలో సంతాపం కూడదు.) ఆ మౌనం మతవిశ్వాసం లేనివారినీ కలుపుకొంటుంది, అయినా, ఏడవడానికి మాటలు దొరకని తొలి ఏడాదిలో, పూర్వులు ఏడ్చిన మాటలనే అందించే ఉపవాసం ఎక్కువ ఆసరా ఇస్తుందని నాకనిపిస్తుంది.